పేపర్లో పడ్డ హత్య తర్వాత ఆ ఇంట్లో, ఆ ఊళ్ళో జరిగేది

మీరు అడిగింది ఇదీ: ఒడిశాలోని గుణుపురం దగ్గర మీ ఊళ్ళో సంత రోజున నలుగురూ చూస్తుండగా మీ మేనమామను పొడిచారు. రాయగడలో చూపించి విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కి తీసుకెళ్తే మూడో రోజు పోయారు. టీవీల వాళ్ళు, యూట్యూబ్ వాళ్ళు ఊళ్ళో వారం తిష్ఠ వేశారు. ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది. అత్తయ్య ఎవరితోనూ మాట్లాడటం లేదు, తొమ్మిదో తరగతి అబ్బాయి బడి ఎగ్గొడుతున్నాడు, నిందితుడు బెయిల్ మీద వచ్చి అదే వీధిలో తిరుగుతున్నాడు, పెద్దమనుషులు రాజీ అంటున్నారు. ఇల్లు ఎందుకిలా అయిపోయింది, ఊరు ఎందుకు ముఖం చాటేసింది, మనం ఏం చేయగలం అని.

ముందు ఒక్క విషయం. ఇలాంటి ఇళ్ళు హత్య జరిగిన వారంలో కూలిపోవు, రెండో మూడో ఏట కూలిపోతాయి. సంవత్సరీకం పెట్టేశాక చుట్టాల లెక్కలో ఆ చావు అయిపోయినట్టే. కోర్టు లెక్కలో అప్పటికి సాక్షుల విచారణ మొదలై కూడా ఉండదు. జనం, డబ్బు, నాయకులు అందరూ మొదటి పదిహేను రోజుల్లో వస్తారు. అత్తయ్యకు అసలు మనిషి కావలసింది సమన్లు వచ్చిన రోజున, బోనెక్కిన రోజున, తీర్పు రోజున. ఆ రోజులకి ఎవరూ మిగలరు. మీరు ఏ సాయం చేసినా ఆ తేదీలకు కట్టి చేయండి.

ఒడిశాలోనే చూడండి. 2018 ఫిబ్రవరిలో పట్నాగఢ్‌లో పెళ్ళి కానుకగా వచ్చిన పార్శిల్ బాంబు కేసులో కింది కోర్టు తీర్పు 2025 మేలో వచ్చింది. దేశమంతా మాట్లాడుకున్న కేసుకే ఏడేళ్ళు. దాని మీద అప్పీలు ఉంటుంది, ఆ తర్వాత ఇంకొకటి. మీ ఇంట్లో కూడా ఆ లెక్కనే సిద్ధపడాలి. ఆరు నెలల్లో ఉరి వేయిస్తామని మైకు ముందు చెప్పిన నాయకుడి మాట నమ్మి కూర్చున్న ఇల్లు, మొదటి బెయిల్ ఆర్డరు చూసేసరికి చతికిలబడుతుంది.

ఇక కాగితాలు. సరిహద్దు ఇళ్ళు ఎక్కువగా ఇక్కడే దెబ్బ తింటాయి. పొడిచింది ఒడిశాలో, ప్రాణం పోయింది ఆంధ్రలో. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి కాబట్టి డెత్ సర్టిఫికెట్ విశాఖ నగరపాలక సంస్థ ఇవ్వాలి, గుణుపురంలో ఎంత తిరిగినా రాదు. నమోదుకు మామూలు గడువు 21 రోజులు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పెద్దాసుపత్రిలో పోయినవాళ్ళ సమాచారం ఆసుపత్రే పంపుతుంది గనుక నమోదు జరిగే ఉంటుంది, కాపీ తెచ్చుకోవడమే మిగులుతుంది. శవపంచనామా, పోస్టుమార్టం కూడా అక్కడి పోలీసుల చేతి మీదుగా అయి ఉంటాయి. ఆ కాగితాలు మీ ఠాణాకు చేరాయో లేదో దర్యాప్తు అధికారిని అడగండి. చార్జిషీటులో పోస్టుమార్టం రిపోర్టు జత అయిందా అన్నది ఇవాళే చూసుకోవలసిన సంగతి. విచారణ మధ్యలో బయటపడితే డాక్టరును విశాఖ నుంచి పిలిపించడానికే వాయిదాల మీద వాయిదాలు పడతాయి.

పేరు కూడా సరిచూడండి. మనవాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడిశా రికార్డుల్లో చివర రాస్తారు, కేజీహెచ్ చీటీ మీద పొడి అక్షరాలే పడతాయి. ఆధార్లో ఒకటి, ఎఫ్ఐఆర్‌లో ఒకటి, డెత్ సర్టిఫికెట్లో ఇంకొకటి ఉంటే బ్యాంకు దగ్గర, ఇన్సూరెన్స్ దగ్గర, పరిహారం దగ్గర ఫైలు ఆగిపోతుంది. అన్ని పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ ఒకటి రాయించి, తహసీల్దార్ ఆఫీసు నుంచి వారసుల సర్టిఫికెట్ తీసుకుని, రెండూ కలిపి నాలుగైదు సెట్లు పెట్టుకోండి.

మేనమామ బ్యాంకు పాస్‌బుక్ తీసి మే నెలాఖరు, జూన్ మొదటి వారం ఎంట్రీలు చూడండి. 20 రూపాయలు కట్ అయి ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 కట్ అయి ఉంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. రెండూ తలా రెండు లక్షలు. సురక్షా బీమా ప్రమాదాలకే కదా, హత్యకు రాదు అని కౌంటర్లోనే తిప్పి పంపేస్తుంటారు. అది తప్పు. ఆత్మహత్యకు వర్తించదు, హత్యకు వర్తిస్తుందని ఆ పథకం ప్రశ్నోత్తరాల్లోనే స్పష్టంగా రాసి ఉంది. క్లెయిము 30 రోజుల్లో ఇవ్వాలి. గడువు దాటిపోయిందని మీ అంతట మీరు వదిలేయకండి. రాతపూర్వకంగా ఇచ్చి, కాదంటే ఆ కాదన్నది కూడా రాతలో ఇమ్మనండి. కుటుంబం పేదరికపు జాబితాలో ఉండి, సంపాదించే మనిషి 59 ఏళ్ళ లోపు పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 వస్తుంది, అది బ్లాకు ఆఫీసు ద్వారా. వితంతు పింఛను దాంతో సంబంధం లేకుండా వేరుగా పెట్టుకోవాలి.

పెద్ద మొత్తం బాధితుల పరిహారం. జిల్లా న్యాయ సేవల అథారిటీకి, రాయగడ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, దరఖాస్తు పెట్టాలి. శిక్ష పడ్డాకే వస్తుందన్నది ఊళ్ళో తిరిగే అబద్ధం. హంతకుడెవరో తేలకపోయినా అడిగే హక్కు ఉంది. ఆ దరఖాస్తు మీద విచారణ రెండు నెలల్లో ముగించాలని చట్టం అంటుంది, నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం, డెత్ సర్టిఫికెట్, వారసుల సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా, ఈ ఐదూ లేకుండా వెళ్ళకండి. చనిపోయినవారు ఎస్సీ, ఎస్టీ అయి, నిందితులు ఆ వర్గాలవారు కాకపోతే అట్రాసిటీ నిబంధనల కింద ఇది వేరే దారి. 2016 సవరణ ప్రకారం 8,25,000 రూపాయలు, సగం పోస్టుమార్టం కాగానే, మిగతా సగం చార్జిషీటు కోర్టుకు వెళ్ళగానే. దానికి తోడు భార్యకో ఆధారపడ్డవాళ్ళకో నెల పింఛను, పిల్లల చదువు ఉన్నాయి. జనం మొదటి చెక్కు ఫొటో దిగి, రెండోది అడగడం మర్చిపోతారు.

చంపింది ఇంటివాళ్ళే అయిన కేసుల్లో ఇంకో చిక్కు. హత్య చేసినవాడికి చనిపోయినవాడి ఆస్తిలో వాటా రాదు, హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ అదే. కానీ నామినీగా వాడి పేరే ఉంటే బ్యాంకుకు లాయరు ద్వారా ముందే నోటీసు ఇవ్వాలి, లేకపోతే డబ్బు దాటిపోతుంది. మీ కేసు అది కాదు గనుక ఇంతటితో ఆపుతాను.

అత్తయ్య గురించి. ఆవిడ మాట్లాడకపోవడానికి ఒక కారణం దుఃఖం. రెండోది, ఆవిడ ఆ కథ ఇప్పటికే వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి అలిసిపోయింది. పరామర్శకు వచ్చిన ప్రతి మనిషీ "అసలేమైందమ్మా" అని మొదలుపెడతాడు. పోలీసులకు చెప్పాలి, మేజిస్ట్రేటుకు చెప్పాలి, రేపు కోర్టులో చెప్పాలి, మధ్యలో కెమెరాకు చెప్పాలి. ఇంటికి వచ్చేవాళ్ళను ఆ ప్రశ్న అడగవద్దని గుమ్మం దగ్గరే చెప్పే మనిషి ఒకరు ఉండాలి. ఆ పని మేనల్లుడిగా మీరు చేయవచ్చు, ఆవిడ చేయలేదు. నిద్ర పట్టకపోవడం, సంత రోజు వస్తే వణుకు, కేకలు వినపడితే ఉలిక్కిపడటం నెలల తరబడి ఉంటే అది ధైర్యం చాలక కాదు, వైద్యం కావలసిన సంగతి. మానసిక ఆరోగ్యానికి ఫోన్లో సాయం చేసే టెలిమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడేవాళ్ళను ఎంచుకోవచ్చు. కోరాపుట్, బరంపురం మెడికల్ కాలేజీల్లో సైకియాట్రీ ఓపీ ఉంది. మజ్జిగౌరమ్మకు మొక్కుకోవడం మానమని కాదు, రెండూ చేయవచ్చు.

అబ్బాయి విషయం నాకు ఎక్కువ కంగారు. ఆ వయసు పిల్లాడికి రెండు మాటలు విషంలా ఎక్కుతాయి: "ఇక ఇంటికి మగదిక్కు నువ్వే", "నాన్న పగ నువ్వే తీర్చాలి". మొదటిది అన్నవాళ్ళు మంచిగానే అంటారు, అయినా వాడు చదువు మానేసి పనికి పోవాలనుకుంటాడు. రెండోది తాగిన మత్తులో చుట్టాలంటారు, వాడు తాగకుండా వింటాడు. రెండూ ఆ ఇంట్లో వినపడకుండా చూడండి. బడి ఎగ్గొట్టడానికి తిట్టే ముందు క్లాసులో ఏం జరుగుతోందో కనుక్కోండి. చాలాసార్లు తండ్రి పడి ఉన్న వీడియో ఎవరో ఫోన్లో చూపించి ఉంటారు, లేదా నిందితుడి వైపు పిల్లాడు అదే క్లాసులో ఉంటాడు. హెడ్‌మాస్టరుతో విడిగా మాట్లాడి సెక్షన్ మార్పించడం, నమ్మకమైన ఒక్క టీచరుకు అప్పజెప్పడం, వాయిదా రోజున సెలవు ముందే రాసివ్వడం, ఇవి చిన్న పనులే గానీ పని చేస్తాయి. సాక్షిగా ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి పేరు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. యూట్యూబ్ వాళ్ళు మళ్ళీ వస్తే ఆ సెక్షన్ నంబరు చెప్పండి, చాలామంది అక్కడే ఆగుతారు. తండ్రి లేని పిల్లలకు మిషన్ వాత్సల్య కింద ఒక్కొక్కరికి నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో ఇంటి ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగాలి, దారి తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఊరు ముఖం చాటేయడం గురించి మీరు బాధపడుతున్నారు. అది నిర్దయ కంటే ఎక్కువగా లెక్క. రెండు వైపులవాళ్ళూ అదే కొట్లో అప్పు తెస్తారు, అదే మనిషి ట్రాక్టరు మాట్లాడుకుంటారు, పార్వతీపురం వెళ్ళే బస్సులో పక్క పక్కన కూర్చుంటారు. ఏదో ఒక ఇంటికి వెళ్తే రెండో ఇంటికి దూరమైనట్టే గనుక జనం రెండిళ్ళకూ వెళ్ళడం మానేస్తారు. సాక్షులు ఎదురు తిరిగేది కూడా ఈ లెక్కతోనే. అమ్ముడుపోయాడు అని తిట్టేస్తాం గానీ, చాలామంది బోను ఎక్కేసరికి మూడు నాలుగేళ్ళు గడిచి, చూసింది సగం మర్చిపోయి, మిగతా సగం చెప్పడానికి భయపడి ఉంటారు.

అక్కడ చేయగలిగింది ఉంది. ప్రత్యక్ష సాక్షుల వాంగ్మూలం మేజిస్ట్రేటు ముందు, కొత్త చట్టం (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 183వ సెక్షన్ కింద, నమోదైందో లేదో చూడండి. పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం పెట్టనక్కర్లేదు, మేజిస్ట్రేటు రాసినదాని మీద పెట్టాలి. ఈ తేడా తెలియక మనవాళ్ళు ఒడియాలో ఉన్న ప్రతి కాగితం మీదా వేలిముద్ర వేసేస్తారు. ఒడియా చదవడం వచ్చిన సొంత మనిషి చేత ఎఫ్ఐఆర్, చార్జిషీటు తెలుగులో రాయించి ఇంట్లో పెట్టుకోండి. కోర్టులో సాక్ష్యం తెలుగులో చెప్పవచ్చు. రాసుకున్నది తనకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమని సాక్షి అడగవచ్చు, అడగాలి కూడా. బెదిరింపు ఉంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి అర్జీ పెట్టాలి. డీఎస్పీ అయిదు పని దినాల్లో ముప్పు ఎంతో రిపోర్టు ఇవ్వాలి. విశాఖకు మకాం మార్చిన సాక్షి వీడియో ద్వారా చెప్పేందుకు కోర్టు అనుమతి అడగవచ్చు.

కేసు ఎప్పుడెక్కడుందో లాయరు గుమాస్తా నోటి మీద ఆధారపడకండి. ప్రతి కేసుకూ 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే వాయిదా తేదీ కనిపిస్తుంది. ప్రభుత్వ న్యాయవాదికి తోడుగా మీ తరఫు లాయరును పెట్టుకునేందుకు కోర్టు అనుమతి తీసుకోవచ్చు. అత్తయ్య మహిళ కాబట్టి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలు, నంబరు 15100.

పేరుమోసిన హత్య ఊరి పేరును కూడా మింగేస్తుంది. మహారాష్ట్ర భండారా జిల్లాలో ఖైర్లాంజీ అంటే 2006 సెప్టెంబరు 29 తప్ప ఇంకేమీ గుర్తురాదు ఎవరికీ. ఒకే ఇంట్లో నలుగుర్ని చంపితే మిగిలింది ఆ ఇంటాయన ఒక్కడే. 2008లో కింది కోర్టు ఆరుగురికి ఉరిశిక్ష వేసింది, 2010లో హైకోర్టు దాన్ని 25 ఏళ్ళ జైలుగా మార్చింది, సుప్రీంకోర్టులో అప్పీళ్ళు తేలకముందే 2017 జనవరిలో ఆయన పోయాడు. ఆయన పేరు మీద నడిచిన ఉద్యమాలు చాలా పెద్దవి, ఆయన గడిపిన పదేళ్ళు మాత్రం ఒంటరివే. ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయని గుర్తుంచుకోండి. మీ ఊరికి సంఘాల వాళ్ళు వస్తే రావద్దనకండి, కానీ వాయిదాకు తోడు వచ్చేదెవరో ముందే అడగండి.

కోపం విషయంలో అరకు సంగతి మన పక్కదే. 2018 సెప్టెంబరు 23న లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను కాల్చి చంపిన రోజున జనం డుంబ్రిగుడ, అరకు పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. హత్యకు కోపం రావడం ఎవరికైనా సహజమే. కానీ ఠాణా తగలబడితే కాలేది మన కేసు కాగితాలే, కొత్తగా కేసులు పడేది మన కుర్రాళ్ళ మీదే.

ఇప్పుడు రాజీ. హత్య కేసు రాజీ కుదుర్చుకోదగ్గ నేరం కాదు. అత్తయ్య ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అది సర్కారు కేసు. పెద్దమనుషులు ఇస్తామనే డబ్బు నిజానికి సాక్ష్యం మార్చడానికి. తీసుకుని మారిస్తే తప్పుడు సాక్ష్యం కింద ముందు ఇరుక్కునేది తీసుకున్నవాళ్ళే. క్షమించు తల్లీ అనేవాళ్ళు ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహమ్ స్టెయిన్స్ భార్య మాట ఎత్తుతారు. 1999 జనవరిలో కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో భర్తనూ ఇద్దరు కొడుకులనూ తగలబెట్టినా ఆవిడ క్షమించానంది, 2004 దాకా ఒడిశాలోనే, బారిపదలో ఉండి కుష్ఠురోగులకు సేవ చేసింది. నిజమే. అయినా కేసు ఆగలేదు, 2011లో సుప్రీంకోర్టు యావజ్జీవం ఖాయం చేసింది. క్షమించడం ఆవిడ మనసుకు సంబంధించింది, ఆ పేరు చెప్పి వేరే వితంతువు దగ్గర సంతకం అడిగే హక్కు ఎవరికీ లేదు.

అవతలి ఇంటి మాట కూడా ఒకటి. నిందితుడి భార్యను కుళాయి దగ్గర నిలబడనివ్వకపోవడం, వాళ్ళ పిల్లల్ని వెలివేయడం వల్ల మీ కేసుకు బలం రాదు సరికదా, మీవాళ్ళే బెదిరిస్తున్నారని వాళ్ళ లాయరు చెప్పుకోవడానికి పనికొస్తుంది.

చివరిగా బెయిల్. బెయిల్ ఆర్డరు నకలు తెచ్చుకుని షరతులు చదవండి. సాక్షుల్ని బెదిరించకూడదన్నది దాదాపు ప్రతిదాంట్లో ఉంటుంది, కొన్నిట్లో ఊళ్ళోకి రాకూడదని కూడా ఉంటుంది. అతను వీధిలో నడవడం ఉల్లంఘన కాకపోవచ్చు. గుమ్మం ముందు ఆగి మాట్లాడటం, రాజీకి మనిషిని పంపడం, అబ్బాయిని దారిలో అడ్డగించడం ఉల్లంఘనే. తేదీ, సమయం, ఎవరు చూశారు అన్నది ఒక నోటుపుస్తకంలో రాయండి, ఫోన్ కాల్స్ స్క్రీన్‌షాట్లు తీయండి, ఠాణాలో రాసిచ్చి రసీదు తీసుకోండి. బాధితుల మాట బెయిల్ దశలో కూడా వినాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది, కాబట్టి రద్దు అర్జీలో అత్తయ్య తరఫున లాయరు నిలబడవచ్చు. పెద్దమనుషులు వచ్చిన తేదీలు గుర్తున్నంత వరకు ఈ వారంలోనే రాసేయండి. నెలలు గడిచాక అర్జీ వేస్తే, ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారని మొదటి ప్రశ్న మీకే పడుతుంది.